వీడ్కోలు మాటలు - అనువాదము

భారతదేశమున ఫ్రెంచి కంపెనీ తన తొలి వర్తకస్థానమును 1668లో సూరతునందు నెలకొల్పినది. ఆ వర్తకుల భాషకును ఆ నగరపు భాషకును వీడ్కోలునందు ఒక పోలిక గలదు. గుజరాతీలు నేటికిని అతిథిని సాగనంపుచు ‘ఆవజో’ అందురు. ‘మరల రండి’ అని భావము. ఫ్రెంచి ‘ఓ రవ్వార్’ సైతము పునర్దర్శనమునే కోరును.

అయితే తెనుగున పోవువారు ‘వెళ్లివస్తాను’ అందురు, సాగనంపువారు ‘వెళ్లిరండి’ అందురు. ఫ్రెంచిలో ఇరువురిదియు ఒకే మాట. కావున అనువాదకుడు మొదట ఆ పలుకు ఎవరిదో చూడవలెను. ప్రయాణికుని దీవించు ‘బోన్ వయాజ్’కు ‘శుభప్రయాణం’ సరిపోవును.

‘అద్యో’ విషయము వేరు. ‘దేవునికి’ అని దాని వ్యుత్పత్త్యర్థము. సాధారణముగా మరల కలియుట దుర్లభమైనపుడు పలుకుదురు. దానికి ‘ఇక సెలవు’ తగును. దానినిగూడ ‘వెళ్లివస్తాను’ అని తెనిగించినచో కడపటి ఎడబాటు సంతకు పోయివచ్చుటవలె తోచును.