ఆయాసమునకు కొలబద్ద

వ్యాయామ సమయమున ఒక బాలుడు "ఆయాసముగా నున్నదండీ" యని నిలిచిపోయినచో, అది నిజమా, సోమరితనమా యని ఉపాధ్యాయులు సందేహించుట కలదు. జ్వరమునకు థర్మామీటరు గలదు. నాడిని గడియారముతో లెక్కింపవచ్చును. ఆయాసమన్ననో అనుభవించువానికే తెలియును. అయినను దానిని కొలుచు విధానములు లేకపోలేదు.

స్వీడను దేశపు మనశ్శాస్త్రజ్ఞుడగు గున్నార్ బోర్గ్ శ్రమను అంకెలలో చెప్పించు కొలబద్ద నొకదాని నేర్పరచెను. అందు 6 అనగా శ్రమ లేకుండుట. 20 అనగా ఓపగలిగినంత శ్రమ. వయోజనుడు చెప్పిన అంకెను పదింతలు చేసినచో, నిమిషమునకు వాని గుండె కొట్టుకొను సంఖ్యకు ఇంచుమించు సరిపోవును. పిల్లలకిది చక్కగా పొసగలేదు. 6తో నారంభమగు లెక్కయు, పెద్దల మాటలును వారికి సులభముగ బోధపడవు. వారి నాడియు పెద్దల నాడికన్న వేగముగ నడచును.

కావున 1994లో బ్రిటనునందు పిల్లల మాటలతోనే 1 మొదలు 10 వఱకు గల పట్టిక యొకటి వెలువడెను. 2000లో అమెరికాయందు రాబర్ట్‌సన్ మొదలగువారు, సైకిలుపై మిట్ట నెక్కుచున్న బాలుని బొమ్మలతో 0 మొదలు 10 వఱకు గల కొలబద్దను ప్రకటించిరి. కెనడాలో సిద్ధమైన డల్హౌసీ కొలబద్ద ఛాతి బిగియుట, గొంతు మూసికొనుట, ఊపిరికై శ్రమించుట యను వానిని వేర్వేరు బొమ్మలలో చూపును. కాళ్ల అలసట వేఱు, ఊపిరి యందకుండుట వేఱు గదా!

బొమ్మలు లేనిచోట మఱియొక యుపాయము గలదు. బాలుని గాఢముగ ఊపిరి పీల్చి, 1 నుండి 15 వఱకు బిగ్గరగా లెక్కింపుమనవలెను. మొదటిదానితో గూడ ఎన్ని ఊపిరులు పట్టెనో గుర్తింపవలెను. పరుగునకు ముందును, పిమ్మటను ఇట్లు చేయించి పోల్చిన భేదము తెలియును.

అయితే రెండు జాగ్రత్తలు వలయును. ఏ బాలుని అంకెను వాని పూర్వపు అంకెతోనే పోల్చవలెను గాని, తోడివాని అంకెతో కాదు. మఱియు ఉబ్బసము గల పిల్లలలో కొందఱు తమ ఆయాసమును సరిగా గుర్తెఱుగరు. కొందఱికి పరుగు ముగిసిన కొన్ని నిమిషములకే పిల్లికూతలు హెచ్చును. అంకె చిన్నదైనను, మాట తెగిపోవుచున్నను, పెదవులు నీలముగా మాఱినను, ఆట నాపి వెంటనే వైద్యసహాయము పొందవలెను.

బెత్తముతో ఊపిరి రాదు. పిల్లవాడు చెప్పిన మాటను మొదట నమ్మి, పిమ్మట కొలుచుటయే ఉపాధ్యాయ ధర్మమని మా యభిప్రాయము.