వార్తల్లో పదం: ట్రెయిట్ ఫీజు

దర్శి పరిసరముల నల్లరేగడిలో ప్రత్తి విత్తు రైతు 2020కి పూర్వము కొనితెచ్చిన 450 గ్రాముల పొట్లము వెలలో, గింజను పండించినవారి శ్రమకును అంగడివాని లాభమునకును తోడుగా, బాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ) అను మట్టిలోని సూక్ష్మజీవి నుండి గ్రహించిన జన్యువును ప్రత్తిలో చొప్పించిన సంస్థకు చెందిన భాగమే ట్రెయిట్ ఫీజు. ప్రయోగశాలకును పొలమునకును గల సంబంధమంతయు నీ చిన్న లెక్కలో ఇమిడియుండెను.

2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించిన పిదప పొట్లము వెల 1,600 రూపాయలు దాటగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో గుత్తాధిపత్య వ్యాపార నియంత్రణ కమిషను నాశ్రయించెను. ఆ యేడే వెల 750 రూపాయలకు దిగెను. 2016లో దేశమంతటికిని గరిష్ఠ ధర నిర్ణయించిన కేంద్రము, బోల్‌గార్డ్-2 అను బీటీ ప్రత్తి పొట్లముపై 49 రూపాయలుగా నుంచిన ఫీజును క్రమముగా తగ్గించి, 2020లో పూర్తిగా తొలగించెను.

గులాబిరంగు పురుగు ఆ జన్యువు పుట్టించు విషమును తట్టుకొన నేర్చి, కాయలో దూరి గింజను తొలిచి గుడ్డిప్రత్తిని మిగుల్చుచుండగా రుసుము కోరుట న్యాయము కాదనియే నా దృఢవిశ్వాసము. అయినను ప్రతిఫలము లేనిచోట క్రొత్త జన్యువుకై ఏ ప్రైవేటు సంస్థ పాటుపడును? నరసింహ వంటి ప్రత్తి రకము నిచ్చిన నంద్యాల పరిశోధనా స్థానమునకును, గుంటూరు చెంతనున్న లాం క్షేత్రమునకును ధనము సమకూర్చి ప్రభుత్వమే ఆ భారమును వహింపవలెను.