బైట్లలో ఉండేది బొమ్మ కాదు, నంబరు

అపోహ: తెలుగు ఫాంటు వేసుకుంటే కంప్యూటర్‌కు తెలుగు వచ్చేసినట్టే.

మన డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి నడిచింది ఈ నమ్మకం మీదే. నిజానికి కంప్యూటర్ దాచుకునేది అక్షరం రూపాన్ని కాదు, దానికిచ్చిన నంబరును. ఆ నంబరు చూసి తెర మీద రూపం గీయడం ఫాంటు పని. ఆ సెంటర్లలో వాడిన ‘అను’ ఫాంట్ల కాలంలో ఫైల్లో ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల నంబర్లే. ఫాంటు వాటి బదులు ఒక తలకట్టో, కొమ్మో, ఒత్తో గీసి చూపించేది. అచ్చుకు అది చాలింది, పుస్తకాలెన్నో అలాగే వచ్చాయి. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే మాత్రం అంతా గజిబిజి. వెతికితే ఒక్క తెలుగు మాటా దొరకదు, అసలు ఫైల్లో తెలుగు ఉంటే కదా!

1991లో మొదటి కూర్పు వెలువడిన యూనికోడ్ ఈ నంబర్లను ప్రపంచమంతటికీ ఒకటి చేసింది. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలున్నాయి. ‘క’ నంబరు 3093.

అపోహ: ఒక అక్షరానికి ఒక బైటు.

ఇంగ్లిష్‌కైతే సరే. ‘తెలుగు’ మనకు మూడక్షరాలు. యూనికోడ్‌కు త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు నంబర్లు. ఈ నంబర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, వెరసి 18. ‘స్త్రీ’ ఒక్కటే అక్షరమైనా దానిలోనూ ఆరు నంబర్లున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అవీ 18 బైట్లే. దరఖాస్తు ఫారాల్లో ‘ఇన్ని అక్షరాలకు మించరాదు’ అన్న గడి తెలుగు పేర్లను మధ్యలో తెంచేయడానికి కారణం సాధారణంగా ఈ లెక్కే. తప్పు గడిది, పేరుది కాదు.

అపోహ: మూడు బైట్లు మన మీద వేసిన జరిమానా.

అంత కుట్రేమీ లేదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8ను రూపొందించినప్పుడు ఆస్కీ అనే పాత ఇంగ్లిష్ నంబర్ల పద్ధతిలోని ఫైళ్లు మార్పు లేకుండా పనిచేయాలన్నది ఒక షరతు. అందుకే ఆస్కీవైన మొదటి 128 నంబర్లకు ఒక్క బైటు. రెండు బైట్లతో 2047 వరకే చేరగలం. మనం అది దాటాకే ఉన్నాం. అదే యూటీఎఫ్-16 అనే మరో పద్ధతిలో ఒక్కో తెలుగు నంబరుకు రెండు బైట్లు చాలు.

అపోహ: పిచ్చి గుర్తులు కనిపిస్తే ఫైలు పాడైపోయినట్టే.

చాలాసార్లు బైట్లు భద్రంగానే ఉంటాయి, చదివే పద్ధతే (ఎన్‌కోడింగ్) తప్పు. ‘క’కు యూటీఎఫ్-8 బైట్లు 224, 176, 149. వీటిని పాత విండోస్ పట్టికతో చదివితే గీత పెట్టిన ఇంగ్లిష్ ‘ఏ’, డిగ్రీ గుర్తు, నల్ల చుక్క కనిపిస్తాయి. సరైన ఎన్‌కోడింగ్ ఎంచుకోగానే ‘క’ తిరిగొస్తుంది. కానీ అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారి అలాగే సేవ్ అయితే మటుకు పోయినట్టే.

అపోహ: 2018లో ఐఫోన్లను కుప్పకూల్చిన తెలుగు అక్షరం ఒక వైరస్.

అది ‘జ్ఞా’లో మధ్యన కంటికి కనబడని ఒక గుర్తు చేరిన రూపం. బైట్లలో దోషం లేదు, దాన్ని గీయబోయి ఆపిల్ సాఫ్ట్‌వేర్ తడబడింది. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.

మీ బీరువాలోనో హార్డ్‌డిస్కులోనో అను ఫాంట్లతో చేసిన పాత పేజ్‌మేకర్ ఫైళ్లుంటే, వాటిని తెరిచే యంత్రాలు ఉండగానే యూనికోడ్‌లోకి మార్చుకోండి.