రింగ్ మాడ్యులేషన్: ధ్వనులను గుణించినప్పుడు శ్రుతికి ఏమవుతుంది?

కిందటి భాగంలో కంపన పరిమితి మాడ్యులేషన్ గురించి చదివారు. దానికి దగ్గరి బంధువు రింగ్ మాడ్యులేషన్. రెండు ధ్వని సంకేతాలను క్షణక్షణానికీ ఒకదానితో ఒకటి గుణించడమే ఈ ప్రక్రియ. మనం మార్చదలచిన ధ్వనిని మూల ధ్వని అనీ, దాన్ని గుణించడానికి తీసుకున్న సైన్ తరంగాన్ని వాహకం అనీ అందాం. రెండు కొసైన్‌ల లబ్ధాన్ని రెండు కొసైన్‌ల మొత్తంగా విడదీసే సూత్రం త్రికోణమితిలో మీరు చదివే ఉంటారు. ఆ సూత్రాన్నే ఇక్కడ చెవితో వింటాం. 440 హెర్ట్జ్ స్వరాన్ని 100 హెర్ట్జ్ వాహకంతో గుణిస్తే 540, 340 హెర్ట్జ్ స్వరాలు వస్తాయి. 440 గానీ 100 గానీ మిగలవు. కంపన పరిమితి మాడ్యులేషన్‌లోనైతే రెండింటిలో ఒకటి మిగిలి ఉంటుంది.

రింగ్ అనే పేరు విని గంట మోతను ఊహించుకోకండి. నాలుగు డయోడ్‌లను ఒకే దిశలో వలయంగా కలిపిన సర్క్యూట్ వల్ల వచ్చిన పేరది. సంగీతకారుల కంటే ముందు టెలిఫోన్ ఇంజనీర్లు, ఒకే తీగపై అనేక సంభాషణలు పంపడానికి, 1930లలో దీన్ని వాడారు. మా ప్రయోగశాలలో విద్యార్థులు ఈ సర్క్యూట్ కట్టినప్పుడు, మైకు ముందు ఎవరూ మాట్లాడకపోయినా వాహకం సన్నని ఈలలా వినిపించేది. తప్పు వాళ్లది కాదు. నాలుగు డయోడ్‌లూ ఒకే తీరుగా లేకపోతే వాహకం పూర్తిగా రద్దు కాదు. సాఫ్ట్‌వేర్‌లో అంకెల గుణకారమే కాబట్టి ఆ బెడద లేదు.

జవాబు పత్రాల్లో నేను తరచుగా చూసిన పొరపాటు ఒకటుంది: రింగ్ మాడ్యులేషన్ శ్రుతిని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది అని రాయడం. శ్రుతి మార్చడమంటే అన్ని పౌనఃపున్యాలనూ ఒకే సంఖ్యతో హెచ్చించడం. రింగ్ మాడ్యులేషన్‌లో గుణించేది తరంగాలను. పౌనఃపున్యాలకు మాత్రం జరిగేది కూడిక, తీసివేత. షడ్జమం 240, పంచమం 360 హెర్ట్జ్ అనుకోండి, నిష్పత్తి 1.5. వాహకం 100 అయితే కూడిక వైపు 340, 460 వస్తాయి. నిష్పత్తి సుమారు 1.35. అంటే పంచమం శుద్ధ మధ్యమానికి కాస్త పైకి జారిపోయింది. తీసివేత వైపు 140, 260. నిష్పత్తి సుమారు 1.86, కాకలి నిషాదానికి కాస్త కింద. ఒకే పంచమం ఒకేసారి రెండు తావుల్లో వినిపిస్తే రాగం నిలుస్తుందా?

వాహకాన్ని 500కు పెంచితే మరో వింత. షడ్జమానికి తేడా 260, పంచమానికి 140. గాయకుడు ఆరోహణ పాడుతుంటే తేడా స్వరాలు అవరోహణలో దిగుతాయి.

గొంతులో, వాద్యాల్లో ఒక్క పౌనఃపున్యమే ఉండదు కదా. 200, 400, 600 హెర్ట్జ్ అనుస్వరాలున్న స్వరాన్ని 170తో గుణిస్తే 30, 230, 370, 430, 570, 770 వస్తాయి. వీటిని ఒకే స్వరంగా చెవి కూర్చుకోలేదు. కంచు గంట మోతలోని లోహపు తీరు కనిపిస్తుంది. అదే వాహకం 100 అయితే 100, 300, 500, 700 వస్తాయి. ఇవి 100కు బేసి గుణిజాలు కాబట్టి ఒక స్థాయి కింద, శ్రుతి చెడకుండా, కొత్త నాదం వినిపిస్తుంది. కాబట్టి వాహకాన్ని ఎంచుకోవడం కూడా శ్రుతి చేయడమే. జర్మన్ స్వరకర్త కార్ల్‌హైన్జ్ స్టాక్‌హౌజెన్ 1970లో రాసిన 'మంత్ర'లో రెండు పియానోల ధ్వనిని సైన్ తరంగాలతో గుణిస్తారు. వాహకంతో సరళ నిష్పత్తిలో ఉన్న స్వరాలు నిమ్మళంగా, తక్కినవి గరుకుగా వినిపిస్తాయి.

మాటల సంగతి వేరు. బీబీసీ ధారావాహిక 'డాక్టర్ హూ'లో 1963లో వచ్చిన డాలెక్‌ల గొంతు కోసం బ్రయన్ హాడ్జ్‌సన్ సుమారు 30 హెర్ట్జ్ వాహకాన్ని వాడారు. ప్రతి అనుస్వరం 30 హెర్ట్జ్ అటూ ఇటూ చీలుతుంది. అచ్చులను గుర్తుపట్టించే పౌనఃపున్య ప్రాంతాలు దాదాపు ఉన్నచోటే ఉంటాయి కాబట్టి మాట అర్థమవుతుంది. అనుస్వరాల పొందిక చెదరడంతో మనిషితనం పోతుంది. నటులు ఒకే స్థాయిలో, తెంపి తెంపి పలకడం కూడా ఇందుకు తోడ్పడింది. అదే వాహకం 1000 అయితే మాటే తెలియదు.

వాహకం 20 హెర్ట్జ్‌కు బాగా కిందికి దిగితే రెండు స్వరాలు విడిగా వినిపించవు, ధ్వని హెచ్చుతగ్గులే వినిపిస్తాయి. 5 హెర్ట్జ్ ఇస్తే సెకనుకు 5 కాదు, 10 హెచ్చుతగ్గులు వస్తాయి. తరంగంలో ధన, రుణ భాగాలు రెండూ ధ్వనిని పెంచుతాయి మరి. పాట లయకు కలపాలంటే సగం విలువ ఇవ్వండి. గొంతు మీద వాడేటప్పుడు మూల ధ్వనిని కూడా కొంత కలిపి ఉంచడం మంచిది; శ్రోతకు పట్టుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

డిజిటల్ రికార్డింగ్‌లో ఒక జాగ్రత్త అవసరం. నమూనా రేటు 44,100 అయితే 22,050 హెర్ట్జ్ పైన ఏదీ నిలవదు. 15,000ను 10,000తో గుణిస్తే రావలసిన 25,000 వెనక్కి మడతపడి 19,100గా తేలుతుంది. తాళాల వంటి పదునైన ధ్వనులకు వాహకాన్ని తక్కువగా ఉంచండి, లేదా పై పౌనఃపున్యాలను ముందే వడకట్టండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 300 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని 300 హెర్ట్జ్ వాహకంతోనే గుణిస్తే ఏ రెండు విలువలు వస్తాయి? వాటిలో చెవికి వినిపించేది ఏది?