సూరతు పెరటిలో చలికాలము

హిమము కురిసి నేల గడ్డకట్టు శీతలదేశములలో పెరటిని చలికాలమునకు సిద్ధపఱచుటయన వేళ్ళపై ఆకులు కప్పి, లేతమొక్కలను లోపలికి చేర్చి, తోటను నిద్రపుచ్చుటయే. తాపీనదీతీరమున, 21 డిగ్రీల ఉత్తరాక్షాంశమున నున్న సూరతు నేల మంచు గడ్డకట్టుట నెఱుగదు గనుక ఇచ్చట అది తోటను మేలుకొలుపుటయే యగును.

ఇచ్చటి నల్లరేగడి తడిసిన కాళ్ళకంటును, ఆరిన బీటలువాఱును. పచ్చిగా నున్నపుడు త్రవ్వినచో పెళ్ళలుగా బిగియును. మిక్కిలి యెండనిచ్చినచో పాఱ దిగదు. పిడికిటబట్టి వదలిన మన్ను పొడిపొడిగా రాలు దినమే త్రవ్వకమునకు ముహూర్తము. వానలకు బలిసిన తుంగను పైపైని కోసి సంతసించుట వృథా. దాని గడ్డ నేలలో నున్నంతకాలము అది మరల తలయెత్తుచునే యుండును. రాలిన యాకులను తగులబెట్టక పాదులలో పఱచిన తేమ నిలుచును.

శరత్పూర్ణిమ మఱునాడు సూరతువాసులు చాందనీ పడవా యని వెన్నెలలో ఘారీ యను మిఠాయిలు తినుచు వేడుక చేసికొందురు. ఆ వెన్నెల చల్లనిదే కాని పగటియెండ యింకను చుఱుక్కుమనుచునే యుండును. అపుడే ధనియాలు చల్లువారి తొందరను నేను మెచ్చను. వేడినేలలో కొత్తిమీర సరిగా మొలవదు. కార్తికము ముదిరి, తెల్లవాఱుజామున దుప్పటి వెదకుకొను దినములు వచ్చిన పిమ్మట, గింజలను బద్దలుగా నలిపి చల్లి, రెండువారములు ఓర్చుకొనవలెను. మెంతులకు అంత బెట్టు లేదు.

మగ్గముల పనికై తెలుగునేలనుండి తరలివచ్చి, లింబాయతు మున్నగు పేటలలో స్థిరపడిన పద్మశాలి కుటుంబములకు విశాలమైన పెరడు దక్కుట యరుదు. ఐనను చిక్కుడుపాదునకు గోడవార మూరెడు నేల గాని, మేడమీద నొక పెద్దకుండీ గాని చాలును. మన చిక్కుడును, ఇచ్చటివారు ప్రాణప్రదముగా జూచుకొను సూరతీ పాపడియు నొక్క జాతివే. పగలు కుఱుచయైనగాని సామాన్యముగా నీ తీగ పూయదు. వానకాలమున ఆకులే గాని పూత లేదని విసిగి పెఱికివేయువారు చలికాలపు పంటను చేజేతుల పోగొట్టుకొందురు. ఇపుడు చేయవలసినది పందిరి బిగించుట, ముదురాకులు గిల్లుట, కొనలపై పేనుబంక కనబడగానే సబ్బునీటితో కడుగుట.

సంక్రాంతినాటికి, అనగా ఇచ్చటివారి ఉత్తరాయణమునకు, కాయలు గుత్తులుగా వ్రేలాడును. అపుడు పాపడి, కందగడ్డలు, మెంతిముద్దలు చేర్చి ఉంధియు అను కూర వండని సూరతు ఇల్లు అరుదు గావున, పొరుగువారి కన్ను మన పందిరిపై బడుట సహజము. అడిగినవారికి పెట్టవలసినదే, కాని రథసప్తమినాడు సూర్యునికి చిక్కుడుకాయల రథము కట్టవలసిన యిల్లాండ్రు పందిరి పైభాగమున నున్న నాలుగు గుత్తులను ముందుగనే యాకులచాటున దాచుకొందురు.