నొప్పి తెలియని చేతికి వంటింట్లో కాపలా

వేడి పెనానికి చెయ్యి తగిలితే "అబ్బా!" అని చటుక్కున లాగేసుకుంటాం. ఆ నొప్పే మన చేతికి కాపలా. మరి ఆ కాపలాయే లేకపోతే?

కుష్ఠు వల్ల నరాలు దెబ్బతిన్న చెయ్యి సరిగ్గా అలాంటిదే. కత్తిపీట కోసినా తెలీదు, బొబ్బ లేచినా తెలీదు. "ఏటవుద్ది, నొప్పెట్టనేదు గదా!" అని ఊరుకుంటే ఆ పుండే ముదిరి వేళ్ల దాకా తెస్తుంది.

2022 దాకా విజయనగరం జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సాలూరులో లెప్రసీ మిషన్ వారి ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఉంది. మన ప్రాంతంలో ఈ వ్యాధికి పేరున్న ఆసుపత్రి అది. అయితే మందు ఆసుపత్రిలో దొరుకుతుంది గానీ, చెయ్యి కాలేది మాత్రం ఇంట్లో పొయ్యి దగ్గరే కదా! రోజువారీ పనులు ప్రమాదం లేకుండా చేసుకోవడం నేర్పే వైద్యవిద్యనే ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. అది చెప్పే సంగతులు మన వంటింటికి సరిపోయేవే.

ఇవి పాటించండి

* వేడి గిన్నె దించడానికి పటకారు గానీ, మందపాటి మసిగుడ్డ గానీ వాడండి.
* గరిటె, అట్లకాడలకు పొడవాటి కొయ్యపిడి ఉండాలి. సన్నని పిడికి గుడ్డ లావుగా చుడితే పట్టు కుదురుతుంది, వేళ్లు ఒరుసుకోవు.
* నీళ్ల వేడిని అరచేత్తో చూడకండి. స్పర్శ ఉన్న మోచేత్తో చూడండి.
* పనంతా అయ్యాక చేతులు 20 నిమిషాలు చన్నీళ్లలో నానబెట్టి, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయండి.
* రోజూ మంచి వెలుతురులో అరచేతులు, వేళ్ల సందులు, అరికాళ్లు చూసుకోండి. ఎరుపో, బొబ్బో కనిపిస్తే ఆ చేతికి పని చెప్పకండి.

చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారినవాళ్లు కూడా రోజూ అరికాళ్లు ఇలాగే చూసుకోవాలి.

మచ్చను దాచకండి

ఒంటిమీద పాలిపోయినట్టో, ఎర్రగానో మచ్చ ఉండి, అక్కడ తాకినా తెలియకపోతే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. నొప్పీ దురదా లేవని ఆలస్యం చేస్తేనే ముప్పు. మందులు ఉచితం. రకాన్ని బట్టి 6 నెలలు గానీ, 12 నెలలు గానీ వాడితే నయమవుతుంది. మందు మొదలుపెట్టాక ఇతరులకు సోకుతుందన్న భయం అక్కర్లేదు. ఆమె కంచం, మంచం వేరు చేయనక్కర్లేదు.

"కాపురం పోతుందేమో" అని దాచే ఆడవాళ్లున్నారు. 2019లో చట్టం మార్చి, కుష్ఠు కారణంగా విడాకులు కోరే వీలు తీసేశారు. ఈ మాట వాళ్ల చెవిన వేయండి.

చివరగా ఒక్క మాట. ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి అక్కో పిన్నో ఉంటే, చెప్పి వచ్చేయకండి. పొయ్యి దగ్గర కూర్చుని చేసి చూపించండి. తర్వాత "ఏదీ, నువ్వు చెయ్యి చూద్దాం" అనండి. ఆమె చేసి చూపించినప్పుడే విన్న మాట చేతికి అందినట్టు!