తేలు కుడితే చేతులు ఎందుకు చల్లబడతాయి?

రాత్రి చదువు అయిపోయింది. చీకట్లో పంపు దగ్గరికి వెళ్తున్నారు. 'బుస్'మని చప్పుడైంది. ఒక్క గెంతుతో వరండాలో పడ్డారు. తీరా చూస్తే పాము లేదు, పంపులో గాలి! అయినా గుండె దడదడ, ఒళ్ళంతా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇదంతా ఎవరు చేశారో చెప్పండి చూద్దాం?

మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథుల నుంచి వచ్చే అడ్రినలిన్, నరాల చివర్ల నుంచి వచ్చే నారడ్రినలిన్. ఇవి ఒకచోట బిగిస్తాయి, మరోచోట వదులు చేస్తాయి. అదెలా? కణాల మీద గ్రాహకాలు ఉంటాయి. తాళంచెవి ఒకటే అయినా తాళాలు వేరు. 1948లో అమెరికా శాస్త్రవేత్త రేమండ్ ఆల్‌క్విస్ట్ వీటిని ఆల్ఫా, బీటా అని విడదీశాడు. తర్వాత వాటిలోనూ రకాలు తేలాయి:

ఆల్ఫా-1: చర్మం, పేగుల రక్తనాళాలను బిగిస్తుంది. కంటిపాపను పెద్దది చేస్తుంది.
ఆల్ఫా-2: నరం చివర బ్రేకు లాంటిది. 'ఇక చాలు, వదలకు' అంటుంది.
బీటా-1: గుండెను వేగంగా, బలంగా కొట్టిస్తుంది.
బీటా-2: ఊపిరి గొట్టాలను వెడల్పు చేస్తుంది. ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్ పనిచేసేది ఇక్కడే.
బీటా-3: కొవ్వును కరిగిస్తుంది, మూత్రాశయాన్ని వదులు చేస్తుంది.

ఇప్పుడు తేలు సంగతి. ఎర్రతేలు విషం నరాలను రెచ్చగొడుతుంది. అడ్రినలిన్, నారడ్రినలిన్ వరదలా వస్తాయి. ఆల్ఫా-1 తాళాలన్నీ ఒక్కసారే తిరుగుతాయి. రక్తనాళాలు బిగుసుకుపోతాయి. అందుకే చేతులు, కాళ్ళు చల్లబడతాయి. బిగిసిన గొట్టాల్లోకి రక్తం నెట్టీ నెట్టీ గుండె అలసిపోతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ప్రాణం మీదికి వచ్చేది అందుకే. పిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

మహారాష్ట్రలో మహాడ్ ప్రాంతంలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు ఇలాంటి రోగులను ఎందరినో చూశారు. 1980లలో ఆయన ప్రజోసిన్ అనే మాత్ర వాడారు. అది రక్తపోటు తగ్గించే మందు. ఆల్ఫా-1 తాళంలో అడ్డుపుల్లలా కూర్చుంటుంది, ఇక తాళంచెవి దూరదు. దానితో తేలుకాటు మరణాలు బాగా తగ్గాయి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఈ మాత్రతో పాటు తేలు విషానికి విరుగుడు ఇంజెక్షను కూడా ఇస్తున్నారు. చూశారా, ఏ తాళం తిరిగిందో తెలిస్తే ఒక చిన్న మాత్ర కూడా ప్రాణం నిలబెడుతుంది!

మనమేమో తేలు కుడితే 'ఏం కాదులే, పొద్దున్నే చూద్దాం' అని దుప్పటి కప్పుకుంటాం. అలా చేయకండి. నొప్పి తక్కువగా ఉంది కదా అని ఊరుకోకండి.

గుర్తుంచుకోండి:
1. చెమటలు, వాంతులు, చల్లబడ్డ చేతులు, గుండె దడ, ఆయాసం - వీటిలో ఏది కనిపించినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.
2. కోయడం, కట్టు బిగించడం వద్దు. ఆకు, మంత్రం అంటూ ఆలస్యం చేయొద్దు.
3. మాత్ర మనంతట మనం వేసుకోకూడదు. డాక్టరే ఇవ్వాలి.
4. అర్ధరాత్రయినా వార్డెన్ గారిని లేపండి. తిడతారని భయపడకండి. సార్, మీరూ తిట్టకండి!
5. దుప్పటి, చెప్పులు దులిపాకే వాడండి.